ఎత్తని చేతులు

మాధవరం పాల కాలనీలో భరణి వాళ్ళ ఇల్లు. కొండవాగులో భరణి పోయాక, అతని స్నేహితుడు వెంకట్రామ్ ఆ గడప తొక్కడం ఇదే మొదలు. ఏదో అడగాలని వచ్చాడు పాపం. ఎదురుగా పెట్టిన కాఫీ చల్లారింది గాని ఆ మాట మాత్రం నోట్లోంచి ఊడిపడడం లేదు. అది తప్ప మిగతావన్నీ మాట్లాడుతున్నాడు. ఎదురు కుర్చీలో భరణి అక్క సంయుక్త. వంటింట్లో వాళ్ళమ్మ పంకజం.

“అట్ట కాదక్కా. నేను చెప్పేది ఏమంటే, కొండలెక్కే మా గుంపులో లీడరనేవాడే లేడు. మొదటి నుంచీ లేడు.”

“అది ఇన్‌స్పెక్టర్‌కు చెప్పు. నాకెందుకు?”

“చెప్పినాము. అందరమూ చెప్పినాము.”

“ఆయనేమన్నాడు?”

“నవ్వినాడు. పర్మిషన్ లేకుండా అడివిలోకి పోయినారు, ఒక మనిషి చచ్చిపోయినాడు, తీసకపోయినోడు ఒకడుండాల గదా, వాడి పేరు చెప్పండి, కేసు వాడి మీద రాస్తా అన్నాడు.”

“నన్నూ అదే అడిగినాడు. రేపు పొద్దున్నే వచ్చి వాంగ్మూలం ఇమ్మన్నాడు. నీ తమ్ముణ్ణి కొండకు తీసకపోయింది ఎవరో ఆ ఒక్క పేరు చెప్పమ్మా, చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు.”

“నువ్వేం చెప్తావక్కా?”

“దానికేనా వచ్చింది?”

“లేదు లేదు. సుమ్మా ఊరికే, అమ్మను ఒకసారి చూసి పోదామని.”

“అమ్మ వంటింట్లో ఉండాది. నువ్వు వచ్చినప్పటి నుంచి ఆ పక్కకే తిరగలేదు. నా మొహమే చూస్తా ఉండావు.”

“ఏం చెప్పాల అమ్మకు, అని…”

“సెరి. నీ పని తర్వాత. ముందర నేనడిగేవాటికి జవాబు చెప్పు.”

“అడుగక్కా.”

“వాడి ఫోను బ్యాగులోనే ఉన్నిందంట, పోలీసోళ్ళు ఇచ్చేసినారు. దాంట్లో నువ్వు గుంపుకు పంపిన ఆదివారం మాటలు ఉండాయి. వాయిస్ మెసేజీలు. అన్నీ విన్నా.”

“అన్నీనా?”

“ఆమా. ఒక్కటి కూడా వదల్లేదు.”

“అవి ఏదో తోచినప్పుడు మాట్లాడి పంపేవి అక్కా. నడుస్తా నడుస్తా మాట్లాడేది. అంత పట్టించుకునేవి కాదు.”

“ఎందుక్కాదు, బాగుండాయి. ఈసీఆర్ రోడ్డు మీది పార్కు గురించి చెప్పినావే, అది రెండుసార్లు విన్నా. టికెట్ కొని, నడుముకు బెల్టు కట్టించుకోని, మీకేమన్నా అయితే మాకు సంబంధం లేదనే కాయితం మీద సంతకం పెట్టి, అంత ఎత్తు నుంచి జారి కిందబడి కేకలు పెడితే దానికి అడ్వెంచర్ అని పేరు, ఇప్పుడు భయం కూడా సరుకే, దానికీ జీఎస్టీ ఉండాది అన్నావు. వాడు దాన్ని మాకు వినిపించి పడీపడీ నవ్వినాడు.”

“వాడికి ఊరికే నవ్వు వస్తుంది.”

“ఇంకోటి. టీవీ ముందర కూర్చున్నవాడికి అలుపు తీరదు, అలుపు మర్చిపోతాడు అంతే, రేపు మళ్ళీ పనికి పోవాల గదా, మనతో పని చేయించుకునేవాడే సాయంత్రం మనకు వినోదం కూడా అమ్ముతాడు అన్నావు. ఆ రోజు నుంచి వాడు అమ్మ సీరియల్ చూస్తా ఉంటే పక్కన కూర్చోనే లేదు.”

“నేను అమ్మను అనలేదక్కా. మొత్తంగా…”

“తెలుసు, మొత్తంగా అన్నావు. మొత్తంగా అన్న మాట ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. నాన్న ఉన్నప్పుడు ఆదివారం సాయంత్రం అయితే తిరువొత్తియూరులో సముద్రం ఒడ్డుకు తీసకపోయేవాడు. సుండల్ శనగలు తిని, కాళ్ళు తడుపుకోని బస్సెక్కి వచ్చేసేవాళ్ళం. మా ఎంటర్‌టైన్‌మెంట్ అంతా అదే. నాన్న పోయినాక కూడా ముగ్గురం పోతానే ఉన్నాం. మీతో చేరినాక వాడికి అది చప్పబడిపోయింది.”

“సముద్రం గురించి నేనెప్పుడూ తక్కువగా అనలేదు. ఊళ్ళో టికెట్ లేనిది అదొక్కటే అనేవాణ్ణి.”

“అదీ విన్నా. కాసిమేడులో తెల్లారకముందే పడవెక్కి చేపలకు పోయేవాణ్ణి ఎవడూ సాహసవంతుడు అనడు, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన నిలబడుకోని ఉండేవాణ్ణి అనడు, వాళ్ళకు అది కూలి, లీవు పెట్టి కొండెక్కినవాడికి మాత్రం అది సాహసం అన్నావు. బాయిలర్ మాట భరణిని చూసే గదా అన్నింది?”

“ఆమా. వాణ్ణి చూసే.”

“వాడు పొంగిపోయినాడు. మా లీడరు నా గురించి మాట్లాడినాడమ్మా, అని ఇల్లంతా తిరిగి చెప్పుకున్నాడు.”

“లీడరనా?”

“ఏం, కొత్తగా వింటా ఉండావా? ఇంట్లో వాడు నిన్ను పేరు పెట్టి పిలిచింది ఎప్పుడు?”

“నా ముందర అట్ట అంటే నేను ఊరుకునేవాణ్ణి కాదక్కా. లీడరు గీడరు లేరురా, అందరూ ఒకటే అనేవాణ్ణి.”

“నీ ముందర అనడు. నువ్వు వద్దంటావు గదా. లీడరు వద్దన్నాడని లీడరు అనకుండా ఉన్నాడు. కొండకు గేటు పెట్టి టికెట్ కొట్టేవాడు రేపు గాలికి మీటరు పెడతాడు. అది కూడా నువ్వే గదా?”

“నేనే.”

“అందుకని పర్మిషన్ అడగలేదు.”

“అడిగితే డబ్బు కట్టించుకుంటారు, వాళ్ళ గైడును వెంట పంపిస్తారు. భరణిలాంటి వాడు ప్రతి నెలా ఎట్ట కడతాడు? అందరూ రావాలంటే అదొక్కటే దారి అనుకున్నాం. మా పట్టుదల అది.”

“గైడు ఉండుంటే ఆ వాగు చూసి ఏమనుంటాడు?”

“దిగొద్దు అనుంటాడు.”

పంకజం వంటింట్లోంచి వచ్చింది. వెంకట్రామ్ లేచి నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వచ్చి అతని మొహం పరకాయించి చూసింది.

“ఎవరు, వెంకట్రామా? కండ్లు సరిగ్గా ఆనవు నాయనా. భరణి లీడరువి నువ్వే గదా?”

“అమ్మా, నువ్వు పో లోపలికి.”

“ఉండవే సంయుక్తా, మాట్లాడనీ. నీతో పోయినాడంటే నాకు బెంగ ఉండేది కాదు నాయనా. మా లీడరు ఉండాడు, నువ్వు పండుకో అనేవాడు. ఆ రోజు అన్నం తిన్నాడా వాడు?”

“తిన్నాడమ్మా. నువ్వు కట్టిచ్చిన పులిహోర. అందరికీ పెట్టి ఆఖర్న తిన్నాడు.”

“అందరికీ చాలిందా?”

“చాలిందమ్మా.”

“వాడు ముందర దిగినాడంట గదా నీళ్ళల్లోకి. అదే నాకు అర్థం కాలేదు. వాడికి ఈత అంతగా రాదు. చిన్నప్పటి నుంచి నడుములోతు దాటితే బెదురుకుంటాడు. సముద్రం కాడ కూడా నా కొంగు పట్టుకోనే నిలబడతాడు. వాడెందుకు ముందర దిగినాడు నాయనా?”

“అందరికీ దారి చూపిద్దామని అమ్మా.”

“ఆమా. అట్టాంటోడే. అయ్యో, కాఫీ అట్టనే ఉండాదే. ఇటివ్వు, వేడి చేసి తెస్తా.”

ఆమె గ్లాసు తీసుకుని వెళ్ళింది. వెంకట్రామ్ కూర్చోబోయి, కూర్చోలేక, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“ఇట్టొచ్చి కూర్చో. నేను అడగాలనుకున్నదే అమ్మ అడిగింది. ఆమెకు చెప్పినట్టు నాకు చెప్పొద్దు.”

“వాడే దిగుతానన్నాడక్కా. ఎవరూ దిగమనలేదు.”

“ఎందుకన్నాడు?”

“దాటాలని తేలింది గదా. ఎవరో ఒకరు ముందర దిగాల.”

“ఎవరు తేల్చినారు దాటాలని?”

“అందరమూ. ఓటేసినాం.”

“ఆ వానలోనా?”

“మా పద్ధతి అది. ఏ దారిన పోవాలన్నా, ఎక్కడ ఆగాలన్నా చేతులెత్తేదే. ఎక్కువ చేతులు దేనికి లేస్తే అది. మొదట్లో కండ్లు తెరుచుకోనే ఎత్తేవాళ్ళం. అందరూ నా పక్కకే చూసేవాళ్ళు. నేనెత్తితే ఎత్తేది, నేను దించితే దించేది. అది సమానం కాదు గదా. అందుకని అందరూ కండ్లు మూసుకోవాలని పెట్టినాం. ఎవరు దేనికి ఎత్తినారో పక్కవాడికి తెలీదు. ఒక్కరు మాత్రం కండ్లు తెరుచుకోని లెక్కపెడతారు.”

“ఆ ఒక్కరు ఎవరు?”

“భరణి.”

“ఆ రోజా?”

“ఎప్పుడూ వాడే.”

“ఏం, వాడే ఎందుకు?”

“మా గుంపులో ఒళ్ళు వంచి పనిచేసేది వాడొక్కడే అక్కా. మిగతా అందరం కంప్యూటర్ల ముందర కూర్చునేవాళ్ళం, బ్యాంకులోవాళ్ళం. నేనైతే జార్జి టౌన్‌లో మా తాత పెట్టిన గోడౌన్ చూసుకునేవాణ్ణి. కార్మికుడి చేతిలో లెక్క ఉండాలని నేనే అన్నా. అందరూ చప్పట్లు కొట్టినారు. అది వాడికి గౌరవం అనుకున్నాం.”

“లెక్కపెట్టేవాడు చెయ్యెత్తొచ్చునా?”

“ఎత్తకూడదు.”

“అంటే మీ గుంపులో ఓటు లేనివాడు వాడొక్కడే. నేను తప్పుగా అనుంటే చెప్పు.”

“తప్పు కాదు. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరికీ తోచలేదు.”

“వాడికి తోచిందో లేదో.”

“ఎప్పుడూ అనలేదక్కా.”

“అనడు. మీ గోడౌన్ వెనక సందులోనే గదా నా ఆఫీసు. మీకాడ మూటలు మోసే చిన్నసామిని రోజూ చూస్తా. అతను కూడా ఏమీ అనడు. పండగకు మీ తాత పిలిచి శాలువ కప్పితే తల వంచుకోని నిలబడతాడు. కప్పేవాడి సంతోషం ఎందుకు చెడగొట్టాలని.”

“మేము అట్టాంటోళ్ళం కాదక్కా.”

“సరేలే. ఆ రోజు సంగతి చెప్పు. వాన ఎప్పుడు పట్టుకుంది?”

“దిగొచ్చేటప్పుడు. పొద్దున పోయేటప్పుడు ఆ వాగు మోకాళ్ళ లోతు. ఆడుకుంటా దాటినాం. తిరిగి వచ్చేసరికి ఎర్రగా పొంగి, కొమ్మలు కొట్టుకోనొస్తా ఉండాయి. ఊరికి దారి అవతల గట్టున. ఇవతల పెద్ద బండ ఒకటి ఉండాది, దాని కింద తడవకుండా కూర్చోవచ్చు. పొద్దు వాలిపోతా ఉంది. ఆ బండ కింద రాత్రంతా ఉండి తెల్లారి దాటేదా, వాగు ఇంకా పెరగకముందే దాటేసేదా? అదీ మాటకు వచ్చింది.”

“నువ్వేమన్నావు?”

“ఓటేద్దామన్నా.”

“అది కాదు నేనడిగింది. నీకేమనిపించింది?”

“ఉండిపోవడమే మేలనిపించింది.”

“ఆ ముక్క నోరు తెరిచి చెప్పినావా?”

“నేను చెప్తే అందరూ దానికే ఎత్తేస్తారు. అట్ట కాకూడదనే గదా ఈ పద్ధతి పెట్టుకుంది.”

“వాగు పొంగుతా ఉంది. నీకు తెలిసింది నువ్వు చెప్పలేదు. పద్ధతి చెడిపోతుందని.”

“ఇప్పుడు నువ్వంటే అట్టనే ఉండాది. అప్పుడు అది సరైన పని అనిపించింది.”

“మిగతావాళ్ళు ఏమన్నారు?”

“ఎవరూ తేల్చి ఏమీ అనలేదు. చాందిని ఏడుస్తా ఉంది, ఇంటికి పోవాలని. శ్రీకుమార్‌కు మరుసటి రోజు ఆఫీసులో ఏదో మీటింగు, ఊరికే వాచీ చూసుకుంటా ఉన్నాడు. జనని చలికి వణుకుతా ఉంది. ఓటేద్దామా అంటే మాత్రం అందరూ సెరి అన్నారు.”

“అప్పుడు కండ్లు మూసుకున్నారు.”

“మూసుకున్నాం. ఉండిపోదాం అనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు భరణి. కొంచెంసేపు ఆగినాడు. దాటిపోదాం అనేవాళ్ళు ఎత్తండి అన్నాడు. మళ్ళీ ఆగినాడు. ఆ రెండోసారి చాలాసేపు ఆగినాడక్కా. వాన చప్పుడు, వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పురం గొంతు సవరించుకోని, సెరి, కండ్లు తెరవండి, దాటేదే గెలిచింది, నేను ముందర పోతా అన్నాడు.”

“తాడు కట్టుకోని దిగినాడు.”

“ఆమా. సగం దాటినాడు. సగం కంటే ఎక్కువే. అప్పుడు పై నుంచి ఒక మాను…”

“అది వద్దు. పేపర్లో వేసినారు, చదివినా. వాడు పోయినాక మీరేం చేసినారు, అది చెప్పు.”

“అరిచినాం. గట్టెంబడి పరిగెత్తినాం. ఫోన్లు పనిచేయలేదు. చీకటి పడిపోయింది.”

“అప్పురం?”

“ఆ బండ కింద కూర్చున్నాం.”

“రాత్రంతానా?”

“తెల్లారిందాకా.”

“ఎవరికన్నా ఏమన్నా అయిందా?”

“ఏమీ కాలేదు. అందరికీ జలుబు చేసింది.”

“తెల్లారినాక ఎట్ట దాటినారు?”

“నీళ్ళు తగ్గిపోయినాయి. నడుచుకుంటా వచ్చేసినాం.”

“మోకాళ్ళ లోతా?”

“అక్కా…”

“చెప్పు.”

“ఆమా. మోకాళ్ళ లోతే.”

“నా తమ్ముడు పోయింది దేనికో తెలుసుకోవాల గదా నేను. దాటేదానికి చెయ్యెత్తింది ఎవరెవరు?”

“కండ్లు మూసుకోని ఉన్నాం గదక్కా. ఎట్ట తెలుస్తుంది?”

“తర్వాత తెరుచుకున్నారు గదా. ఇన్ని రోజులైంది. మీలో మీరు మాట్లాడుకోలేదా?”

“మాట్లాడుకున్నాం. మెరీనాలో లేబర్ స్టాచ్యూ కింద. మా మీటింగులన్నీ ఆడే.”

“ఎవరు ఎత్తినారంట?”

“ఈ మాట వదిలెయ్యక్కా. నీకు దాంతో ఏమొస్తుంది?”

“రేపు స్టేషన్లో నోరు తెరవాల్సింది నేను. ఏమొస్తుందో నేను చూసుకుంటా.”

“శ్రీకుమార్ నేను ఎత్తలేదన్నాడు. చాందిని ఎత్తలేదంది. జనని ఎత్తలేదంది. మిగతావాళ్ళదీ అదే మాట.”

“ఇప్పుడు ఎవరు ఒప్పుకుంటారు? అందరూ ఎత్తలేదనే అంటారు. నీ సంగతి ఏంది?”

“నేనూ ఎత్తలేదు.”

“నీకు ఉండిపోదామని గదా ఉన్నింది. అంటే నువ్వు మొదటిదానికి ఎత్తినావు.”

“…”

“వెంకట్రామ్. మొదటిదానికి ఎత్తినావా లేదా?”

“లేదక్కా.”

“రెండోదానికీ ఎత్తలేదు, మొదటిదానికీ ఎత్తలేదు. మరి దేనికి ఎత్తినావు?”

“దేనికీ ఎత్తలేదు. ఉండిపోదామని నేనెత్తి, ఆ చలికి పొద్దుటికి ఎవరికన్నా ఏమన్నా అయితే, వెంకట్రామ్ వల్లనే అంటారు. దాటాలంటే భయం. నా చెయ్యి ఒక్కటి లేకపోతే ఏం, మిగతావాళ్ళు ఎత్తుంటారు, ఏదో ఒకటి తేలిపోతుంది అనుకున్నా. కండ్లు గట్టిగా మూసుకోని నిలబడినా.”

“మిగతావాళ్ళు?”

“అందరూ అదే అనుకున్నారంట. ఆ రోజు బీచిలో ఒక్కొక్కరుగా బయటపెట్టుకున్నారు. దాటేదానికి ఎవరూ ఎత్తలేదు. సరే, మరి ఉండేదానికి ఎవరెత్తినారని జనని అడిగింది. అందరూ తలలు దించుకున్నారు.”

“అబద్ధం చెప్తా ఉంటారు.”

“ఆ మొహాలు చూస్తే నువ్వు ఆ మాట అనవక్కా. అబద్ధం చెప్పేవాళ్ళయితే ఉండిపోదామనే ఎత్తినాం అని చెప్పుకుంటారు గదా. అదే వాళ్ళకు మంచిది.”

“అంటే వాడు చూసేసరికి…”

“ఒక్క చెయ్యి లేదు. మొదటిసారీ లేదు, రెండోసారీ లేదు.”

“వానలో మీరందరూ చేతులు కిందికి వేలాడేసుకోని, కండ్లు మూసుకోని వరసగా నిలబడుకోని ఉంటే, వాడొక్కడు మీ మొహాలు చూస్తా నిలబడినాడు.”

“ఆమా.”

“వాడి బతుకులో మొదటిసారి వాడు చెప్పిందే జరగాల. అదీ ఆ పూట.”

“ఎవరూ ఎత్తలేదని చెప్పుండొచ్చు గదక్కా వాడు. కండ్లు తెరవండి, ఎవరికీ ధైర్యం లేదు అని అనుండొచ్చు.”

“అంటాడా? నీ గుంపును, నీ పద్ధతిని, నీ ముందర? మీ అందరి పరువు తీస్తాడా వాడు? చాందిని ఏడ్చేది చూసుంటాడు. జనని వణికేది చూసుంటాడు. నోరు రావడం లేదు గాని వీళ్ళందరికీ ఇంటికి పోవాలనే ఉండాది పావం, అనుకోనుంటాడు. వాడికి బండ కింద పండుకునేది ఒక లెక్కా? నైట్ షిఫ్టులో యాడ చోటు దొరికితే ఆడ పండుకుంటాడు. ముందర ఎందుకు దిగినాడో ఇప్పుడు తెలిసింది నాకు. దాటేదని చెప్పింది తనే. చెప్పినవాడు ఇంకొకణ్ణి ముందర దింపుతాడా? నడుములోతుకే బెదిరేవాడు. ఎంత భయపడుంటాడో వెంకట్రామ్, ఎంత భయపడుంటాడో.”

“ఏడవొద్దక్కా. అమ్మ వస్తా ఉంది.”

పంకజం కాఫీ తెచ్చి వెంకట్రామ్ చేతికే ఇచ్చింది. ఈసారి అతను ఒక్క గుక్కలో తాగేశాడు. నోరు కాలినా తెలియలేదు.

“రేపు నువ్వు కూడా వస్తావా నాయనా స్టేషన్‌కు? దీన్ని ఒక్కదాన్నే పంపాలంటే నాకు దిగులుగా ఉండాది. నువ్వుంటే ఏం మాట్లాడాలో చెప్తావు.”

“చూస్తానమ్మా.”

“మీరు మాట్లాడుకుంటా ఉండండి. పక్కింటి విజి వాళ్ళకాడ పాలు పోయించుకోనొస్తా. అన్నం తిని పోవాల నువ్వు.”

“లేదమ్మా, నేను…”

“తిని పో. వాడు లేడని ఈ ఇంట్లో నీకు అన్నం లేకుండా పోతుందా?”

ఆమె చెంబు తీసుకుని వాకిలి దాటాక సంయుక్త అతని వైపు తిరిగింది.

“సెరి. ఇప్పుడు నీ పని చెప్పు.”

“ఏం పని?”

“వచ్చినప్పటి నుంచి మింగుతా కక్కుతా ఉండావే, అది.”

“ఇంకోసారి వస్తానక్కా. ఈ పూట వద్దు.”

“రేపు పొద్దున్నే స్టేషన్. ఇంకోసారి ఎప్పుడు వస్తావు? నీ పేరు చెప్పొద్దని అడిగేదానికి వచ్చినావు. అంతే గదా?”

“నా పేరు చెప్పినా పరవాలేదక్కా. మాధవరం బస్టాండులో దిగేటప్పుడు కూడా అట్టనే అనుకున్నా.”

“దిగినాక?”

“ఇంట్లో నాన్న మొహం, మా పాప మొహం కనబడినాయి.”

“కనబడతాయి. అది తప్పని నేననను. చెప్పు, ఏమి అడగాలని వచ్చినావు?”

“గుంపులో ఒకరు వకీలును కలిసినారు. ఆయన అన్నాడంట, లీడరు ఎవరూ లేరంటే పోలీసులు వదలరు, అందరి మీదా రాస్తారు, ఉద్యోగాలు పోతాయి అని. ఒక పేరు చెప్పాలంట. ఆ మనిషి బతికుంటే జైలు.”

“బతికి లేకుంటే?”

“చనిపోయినవాడి మీద కేసు నడవదంట. ఫైలు మూసేస్తారంట.”

“ఓహో.”

“మేము చెప్తే చాలదంట. ఇంటివాళ్ళు కూడా అదే మాట చెప్పాలంట.”

“భరణి తీసకపోయినాడని.”

“…”

“ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. కారున్నవాళ్ళను, బ్యాంకోళ్ళను, గోడౌనోళ్ళను, మిమ్మల్నందర్నీ వాడు కొండకు తీసకపోయినాడని నేను చెప్పాల. వాడి అక్కను.”

“వాడికి ఇంక ఏమీ కాదు గదక్కా. అదీగాక, ఒక విధంగా చూస్తే… ఆఖర్న తేల్చింది వాడే గదా. ఇప్పుడు నువ్వే అన్నావు.”

“నేనన్నా.”

“తప్పుగా అనుకోవద్దు. నీకు ఇష్టం లేకుంటే వద్దు. బలవంతమేమీ లేదు.”

“బలవంతం మీ పద్ధతి కాదు గదా. ఇది ఎవరి ఆలోచన?”

“ఎవరిదని చెప్పలేను. మాటల్లో వచ్చింది.”

“మాటల్లో వచ్చింది సరే. నువ్వు బయల్దేరి రావాలంటే ఎవరో తేల్చుండాల గదా. ఎట్ట తేల్చినారు?”

“ఎప్పుడూ తేల్చేటట్టే.”

“ఓటేసినారా? దీనికి కూడానా?”

“ఆమా. నిన్న సాయంత్రం.”

“ఆ కూలీల బొమ్మ కిందనే?”

“ఆడే.”

“ఈసారి చేతులు ఎవరు లెక్కపెట్టినారు? లెక్కపెట్టేవాడు లేడు గదా మీకు.”

“లెక్కపెట్టే పని లేకపోయిందక్కా.”

“మళ్ళీ ఎవరూ ఎత్తలేదా?”

“అందరూ ఎత్తినారు. ఎవరూ కండ్లు మూసుకోలేదు.”

“నువ్వు?”

“మొదట లేచింది నా చెయ్యే.”